నిమిషాల లెక్క ఎవరి సొత్తు?

(సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్న స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న ఆడవాళ్ళ సమస్యల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. లైంగిక వేధింపుల గురించీ, రాత్రి షిఫ్టుల రవాణా గురించీ ఇదివరకటి సమావేశాల్లో చాలా చర్చ జరిగింది. అందుకని నేనివాళ ఒక చిన్న కాగితం గురించి మాట్లాడదలచుకున్నాను. ఆ కాగితంలో ఏడు గళ్ళుంటాయి. తేదీ, పని మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, మధ్యలో అంతరాయం ఎన్ని నిమిషాలు, నికరంగా పని ఎన్ని నిమిషాలు, ఆ పని ఏ దశలోది, చివర వ్యాఖ్య. దీన్ని టైమ్ లాగ్ అంటారు. మీలో చాలామంది ప్రతి శుక్రవారం సాయంత్రం నింపే టైమ్‌షీట్‌కి ఇది దూరపు చుట్టం. ఎంత దూరమన్నదే ఇవాళ్టి విషయం.

ఈ కాగితాన్ని తయారుచేసినాయన వాట్స్ హంఫ్రీ. ఐబీఎంలో 27 ఏళ్ళు పనిచేసి, 1986లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. ఆ సంస్థ నడిచేది అమెరికా రక్షణ శాఖ డబ్బుతో. ఈ మాట కావాలనే చెబుతున్నాను, కాసేపట్లో మళ్ళీ అవసరమవుతుంది. ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతి ఎంత క్రమంగా ఉందో కొలిచి, ఒకటి నుంచి అయిదు వరకూ మెట్లు కట్టే పని అక్కడ ఆయన నాయకత్వంలో మొదలైంది. మన హైదరాబాద్, బెంగుళూరు కంపెనీలు ఒకప్పుడు గోడలకు ఫ్రేములు కట్టి తగిలించుకున్న 'లెవెల్ 5' అదే. కంపెనీకి క్రమం నేర్పడం సరే, ప్రోగ్రాము రాసే మనిషి చేతిలో క్రమం లేకపోతే పైన ఎన్ని పటాలు గీసి ఏం లాభం అని హంఫ్రీకి అనిపించింది. ఆ పద్ధతులన్నీ ముందు తన మీదే ప్రయోగించుకున్నారు. 60కి పైగా చిన్న చిన్న ప్రోగ్రాములు రాస్తూ, పట్టిన ప్రతి నిమిషాన్నీ, చేసిన ప్రతి తప్పునూ రాసిపెట్టుకున్నారు. దాని ఫలితమే 1995లో వచ్చిన పుస్తకం, పర్సనల్ సాఫ్ట్‌వేర్ ప్రాసెస్ అనే శిక్షణ. క్లుప్తంగా పీఎస్‌పీ అంటారు. ఆయన 2010లో చనిపోయారు. మద్రాసులో ఆయన పేరుతో 2000లో ఒక సంస్థ కూడా పెట్టారు, కాబట్టి ఇది మనకు పరాయి కథేం కాదు.

శిక్షణ ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి, లేకపోతే తర్వాత నేననేది గాలిమాట అవుతుంది. మొదటి రూపంలో పది ప్రోగ్రాములు రాయించేవారు. మొట్టమొదటిది చాలా మామూలు లెక్క, కొన్ని అంకెలకు సగటు, ప్రామాణిక విచలనం కట్టడం. నీకు అలవాటైన పద్ధతిలోనే రాయి, కాకపోతే ఏ దశకు ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎన్ని తప్పులు దొర్లాయో రాసుకో అంటారు. అంతే. రెండు మూడు ప్రోగ్రాములయ్యాక, నీ పాత లెక్కలు చూసి తర్వాతిదానికి ఎంతసేపు పడుతుందో ముందే చెప్పమంటారు. ఆ తర్వాత, రాసినదాన్ని కంపైలర్‌కి ఇవ్వకముందే నువ్వే చదివి తప్పులు పట్టుకోమంటారు. అందుకు వాడే పట్టీ ఎవరిది వాళ్ళదే. నేను తరచు చేసే తప్పులతో నా పట్టీ, మీరు చేసే తప్పులతో మీ పట్టీ. ప్రతి తప్పుకూ ఒక వరుస. ఏ రకం తప్పు, ఏ దశలో దూరింది, ఏ దశలో దొరికింది, దిద్దడానికి ఎన్ని నిమిషాలు పట్టింది. బియ్యంలో రాళ్ళు వండకముందు ఏరడానికీ పంటికింద పడ్డాక ఏరడానికీ తేడా ఏమిటో మనకెవరూ చెప్పనక్కర్లేదు. ఆ తేడాను నిమిషాల్లో ఎవరిది వాళ్ళకు చూపిస్తుంది ఈ శిక్షణ. శిక్షణ పొందిన 298 మంది ఇంజనీర్ల లెక్కలు పరిశీలించి 1997లో ఆ సంస్థే ఒక నివేదిక వేసింది. అంచనాలు మెరుగయ్యాయి, ప్రోగ్రాముల్లో తప్పులు తగ్గాయి, పని వేగం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని అందులో తేలింది.

శ్రమ గురించి చదువుకున్న మనలాంటి వాళ్ళకు ఇదంతా వినగానే స్టాప్‌వాచ్ చప్పుడు వినిపిస్తుంది. కార్మికుడి వెనక నిలబడి, ఒక్కొక్క కదలికకు ఎన్ని సెకన్లు పడుతుందో రాసుకున్న ఫ్రెడరిక్ టేలర్ గుర్తొస్తాడు. 1911లో అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోత పనివాళ్ళు ఆ గడియారానికి ఎదురుతిరిగి సమ్మె చేశారు. కొన్నేళ్ళకు అమెరికా కాంగ్రెస్, సైన్యానికి నిధులిచ్చే చట్టంలోనే ఆ డబ్బుతో స్టాప్‌వాచ్ కొలతలు చేయించకూడదని షరతు పెట్టింది. ఒకప్పుడు సైనిక నిధులతో గడియారం వద్దన్న దేశంలోనే, అదే రకం నిధులతో నడిచే సంస్థలో, నిమిషాల లెక్క మళ్ళీ పుట్టింది. కాబట్టి అనుమానపడటంలో తప్పేమీ లేదు. నేనూ అనుమానంతోనే చదవడం మొదలుపెట్టాను.

చదువుతుండగా ఒక నియమం నన్ను ఆపింది. ఈ లెక్కలు రాసుకున్న మనిషికే చెందుతాయంటారు హంఫ్రీ. మేనేజరు వాటిని మనుషుల్ని బేరీజు వెయ్యడానికి వాడకూడదు. వాడిన మరుక్షణం జనం నిజం రాయడం మానేస్తారు, అప్పుడు మీ దగ్గర మిగిలేవి పనికిరాని అంకెలే అని పదే పదే హెచ్చరించారు. తర్వాత జట్లకోసం తయారుచేసిన పద్ధతిలో కూడా పైకి వెళ్ళేవి జట్టు మొత్తం అంకెలే, విడివిడిగా మనుషులవి కావు. టేలర్ దగ్గర గడియారం యజమాని చేతిలో ఉంది. ఇక్కడ గడియారం, కాగితం, కలం మూడూ పనిచేసే మనిషి చేతిలోనే ఉన్నాయి. హంఫ్రీ ఈ నియమం హక్కుల భాషలో రాయలేదు. నాణ్యత కోసం రాశారు. నాకు మాత్రం అది హక్కుగానే కనిపించింది.

లెక్క ఎవరి చేతిలో ఉందన్నది మన ఉద్యమానికి కొత్త ప్రశ్న కాదు. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళను అడగండి. రోజంతా చుట్టిన కట్టల్లో ఎన్ని మంచివి, ఎన్ని పక్కన పారేసేవి అన్నది కంపెనీ మనిషి చెప్పిందే లెక్క. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద జాబ్ కార్డు కూలీల దగ్గరే ఉండాలని నియమం ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలైనప్పుడు ఎన్నో ఊళ్ళలో కార్డులు ఫీల్డ్ అసిస్టెంట్ల దగ్గర కట్టలుగా దొరికాయి. చెయ్యని పని చేసినట్టూ, చేసిన పని చెయ్యనట్టూ అందులో రాసి ఉండేది. గ్రామసభలో కార్డు చేతపట్టుకుని 'నేనిన్ని రోజులే చేశాను' అని నిలబడింది ఎక్కువగా ఆడవాళ్ళే. అద్దాల మేడలో, చల్లని గదిలో కూర్చునే ఇంజనీరుకు ఆ కూలీతో పోలికేమిటని కొందరికి అనిపించవచ్చు. జీతంలో పోలిక లేదు, నిజమే. చేసిన పనికి రుజువు ఎవరి గుప్పిట్లో ఉందన్న విషయంలో ఉంది.

ఇక మన కంపెనీలు ఏం చేశాయి? క్రమశిక్షణను తీసుకుని హక్కును వదిలేశాయి. టైమ్ లాగ్‌లోని ఏడు గళ్ళలో అంతరాయం గడి తీసేస్తే, మిగిలినవాటిని కలిపి రోజుకు ఎనిమిదో తొమ్మిదో గంటలని నింపమంటే, అది టైమ్‌షీట్. క్లయింటుకు బిల్లు వెయ్యడానికి పుట్టిన కాగితం అది. అందులో తొమ్మిది గంటలు అని రాయకపోతే వ్యవస్థ తీసుకోదు. పన్నెండు గంటలు చేసినా తొమ్మిదే రాయమంటారు. ఒక కంపెనీలో పీఎస్‌పీ శిక్షణే ఇప్పించి, ఆ తర్వాత తప్పుల పట్టీలన్నీ టీమ్ లీడరుకు పంపాలన్నారట. ఏడాది చివర జీతాల పెంపు నిర్ణయించేటప్పుడు ఆ పట్టీలు బల్లమీదికొచ్చాయి. అక్కడ పనిచేసిన ఒకామె నాతో అన్నది, "మర్నాటినుంచి మా టీమ్‌లో ఎవరికీ తప్పులు రాలేదు మేడమ్." నవ్వుతూనే చెప్పింది. కొత్తగా చేరిన అమ్మాయిలు అందరికంటే ఎక్కువ నిజాయితీగా రాశారట, అందుకని అందరికంటే తక్కువ రేటింగు వాళ్ళకే వచ్చింది.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. పీఎస్‌పీలో పిప్ అని ఒక ఫారం ఉంది. పని చేస్తుండగా ఈ పద్ధతిలో ఫలానాది బాగాలేదు, ఇలా మారిస్తే బాగుంటుందని పనిచేసే మనిషి రాసే ప్రతిపాదన అది. మీ కంపెనీల్లో కూడా పిప్ ఉంది కదా? ఆ పేరు వినగానే ఈ గదిలో కొందరి ముఖాలు మారడం చూస్తూనే ఉన్నాను. అది కంపెనీ మనిషికిచ్చే కాగితం. ఇన్నాళ్ళలో నువ్వు మెరుగుపడాలి, లేకపోతే ఇంటికే అని. ఒకదానిలో పద్ధతి మారాలని మనిషి అడుగుతుంది, రెండోదానిలో మనిషి మారాలని పద్ధతి బెదిరిస్తుంది. మూడక్షరాలు మాత్రం అవే.

అంతరాయం గడి దగ్గరకు వస్తాను. నా దృష్టిలో ఆ కాగితం మొత్తంలో స్త్రీలకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఉదాహరణకు 8.10కి కూర్చున్నారు, 9.40కి లేచారు, మధ్యలో అంతరాయం 35 నిమిషాలు, నికరం 55. ఆ 35 నిమిషాలు ఎవరు తీసుకున్నారు? ఆఫీసులో అయితే పక్క సీటు కుర్రాడి సందేహం, కొత్తగా చేరినవాళ్ళకు దారి చూపడం, మీటింగులో చర్చంతా రాసిపెట్టడం, ఎవరిదో పుట్టినరోజుకు కేకు తెప్పించడం. ఇవి ఎవరి నెత్తిన పడతాయో మీకు తెలుసు. ఇవి లేకపోతే జట్టు నడవదు, ఇవి చేసినందుకు ఎవరికీ ప్రమోషన్ రాదు. ఇంటి నుంచి పని అయితే అంతరాయం గడి ఇంకా పెద్దది. 2024లో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తంగా సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసిన ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి పెట్టారు. ఆ పని చేసిన మగవాళ్ళు పెట్టింది 88 నిమిషాలు, అసలు చేసినవాళ్ళే తక్కువ. తేడా 3 గంటల 21 నిమిషాలు. పిల్లల, ముసలివాళ్ళ ఆలనాపాలనా దీనిలో కలవలేదు, అది వేరే పద్దు. ఆ సర్వేలో తెల్లవారుజాము నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా అరగంట అరగంటగా అడుగుతారు. ఒకే అరగంటలో రెండు మూడు పనులు చేసినా రాసుకునే ఏర్పాటుంది. పొయ్యిమీద కూర, ఒళ్ళో బిడ్డ, చెవిలో ఫోను ఒకే అరగంటలో ఉంటాయని సర్వే చేసేవాళ్ళకు అర్థమైంది. పీఎస్‌పీ ఫారానికి ఆ సంగతి తెలియదు. తలుపు వేసుకుని ఒకే పని చేసుకునే మనిషిని దృష్టిలో పెట్టుకునే అది తయారైంది. అంతరాయాన్ని కొలుస్తుందిగాని, అది ఎవరికి ఎందుకు ఎక్కువని అడగదు.

ఇలాంటి లోపం పాతదే. 1920ల్లో లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఇంజనీరు, పన్నెండుమంది పిల్లల తల్లి, వంటింట్లో ఆడవాళ్ళు వేసే అడుగులు లెక్కపెట్టి, పొయ్యి, గిన్నెలు, నీళ్ళు ఎక్కడుంటే అడుగులు తగ్గుతాయో చూపించింది. మేలే జరిగింది. ఆ అడుగులన్నీ ఒక్క మనిషే ఎందుకు వెయ్యాలన్న ప్రశ్న మాత్రం ఆ కొలతల్లో రాలేదు.

అయినా ఈ కాగితాన్ని అవతల పారెయ్యమని నేననడం లేదు. ఈ పద్ధతితో పనిచేసిన జట్ల అనుభవంలో తేలిన సంగతి ఒకటుంది. వారానికి నలభై గంటలు ఆఫీసులో గడిపే ఇంజనీరు, అప్పగించిన అసలు పనిమీద నికరంగా పెట్టగలిగేది పదిహేను గంటలకు అటూ ఇటూ. మిగతాదంతా మీటింగులు, ఉత్తరాలు, ఎదురుచూపులు. రాత్రి తొమ్మిదింటిదాకా సీట్లో కనిపించేవాడు కష్టపడుతున్నాడనీ, అయిదున్నరకు బిడ్డ కోసం లేచిపోయేదానికి పనిమీద ధ్యాస లేదనీ చెప్పే మేనేజర్లకు దీనికంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

నాకు తెలిసిన ఒక ఇంజనీరు, మూడేళ్ళ పాప తల్లి, అయిదు నెలలపాటు ఎవరికీ చెప్పకుండా ఒక నోటుపుస్తకంలో ఈ లెక్క రాసుకుంది. కుటుంబ బాధ్యతల వల్ల మీ అంకితభావం తగ్గిందని మేనేజరు అన్నప్పుడు పుస్తకం చూపించలేదు. అందులోంచి తీసిన మూడు అంకెలు చెప్పింది. తాను ముందుగా చెప్పిన గడువులెన్ని, నిలబెట్టుకున్నవెన్ని, పరీక్షలో బయటపడ్డ తప్పులెన్ని. జట్టులో మరెవరి దగ్గరా అలాంటి అంకెలు లేవు. ఆ ఏడాది రేటింగు మారలేదు, ఆ విషయం దాచను. తర్వాతి ప్రాజెక్టులో ఆరు వారాల గడువు ఇచ్చినప్పుడు మాత్రం, ఇంత పెద్ద పనికి నాకు ఇదివరకు ఇన్ని గంటలు పట్టాయి, దీనికి తొమ్మిది వారాలు కావాలని లెక్కతో అడిగింది. తొమ్మిది ఇచ్చారు. అంతకుముందు అలాంటి గడువులకు ఆమె ఊఁ అని, రాత్రిళ్ళు పాప పడుకున్నాక పూర్తిచేసేది. 'కాదు' అనడానికి ఆడవాళ్ళకు ధైర్యం కావాలని మనం చాలాసార్లు చెబుతాం. ఆమెకు ధైర్యం ముందునుంచీ ఉంది. చేతిలో అంకె లేదు, అంతే.

శిక్షణ గురించి కూడా ఒక మాట. పది ప్రోగ్రాములు రాసి, లెక్కలు కట్టి, నేర్చుకోవడానికి వారాల తరబడి సమయం కావాలి. అది పనిగంటల్లోనే ఇస్తే ఆడవాళ్ళు మగవాళ్ళతో సమంగా నేర్చుకుంటారు. శనివారాలు, సాయంత్రాలు అంటే ఎవరు మిగిలిపోతారో చెప్పనక్కర్లేదు. స్వచ్ఛందంగా నేర్చుకోండి అనే మాట వినడానికి తియ్యగా ఉంటుంది. ఇంట్లో ఇంకో మనిషి అన్నం వండిపెట్టేవాళ్ళకే ఆ స్వచ్ఛందం.

చేత్తో రాసే లెక్కల్లో ఇంకో చిక్కుంది. హవాయి విశ్వవిద్యాలయంలో ఫిలిప్ జాన్సన్, ఆన్ డిస్నీ అనే పరిశోధకులు పదిమంది విద్యార్థులు పూర్తిచేసిన 89 పీఎస్‌పీ ప్రాజెక్టుల ఫారాలు తిరగేసి, 1500కు పైగా పొరపాట్లు పట్టుకున్నారు. 1998లో ఆ పరిశోధన వచ్చింది. మనుషులు రాస్తే తప్పులొస్తాయి కాబట్టి యంత్రమే రాసుకుంటుందని, ప్రోగ్రాము రాసేవాళ్ళ కంప్యూటర్లోంచి వివరాలు దానంతటదే సేకరించే సాధనం ఒకటి జాన్సన్ బృందం తయారుచేసింది. తమకు తెలియకుండానే అది అన్నీ రాసుకుంటోందని వాడినవాళ్ళలో కొందరు ఇబ్బంది పడ్డారు. ఒకరు దాని పేరునే మనల్ని వెంటాడేదన్న అర్థం వచ్చేట్టు మార్చి పిలిచేవారని 2013లో జాన్సనే రాశారు. ఆయన పరిశోధకుడు కాబట్టి ఆ మాట విన్నారు, రాశారు. కంపెనీలు వినలేదు. 2020లో కోవిడ్ వచ్చి అందరూ ఇళ్ళనుంచి పనిచేసినప్పుడు, మీట ఎన్నిసార్లు నొక్కారు, మౌస్ ఎంతసేపు కదల్లేదు అని చూసే సాధనాలు చాలాచోట్ల చేరాయి. బిడ్డకు పాలిస్తున్న పది నిమిషాలు అక్కడ 'నిష్క్రియ సమయం'. అంతరాయం గడి ఉన్నప్పుడు ఆ పది నిమిషాలూ ఎందుకో రాసుకునే వీలైనా ఉండేది, పక్కనే వ్యాఖ్య రాయడానికి చోటుండేది. యంత్రంలో వ్యాఖ్యకు చోటు లేదు.

చట్టం ఏమంటుందని అడుగుతారు. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఏడో సెక్షన్, ఉద్యోగ ప్రయోజనాల కోసమైతే ఉద్యోగి సమ్మతి లేకుండానే ఆమె వివరాలు వాడుకోవచ్చని చెబుతోంది. దుకాణాలు, సంస్థల చట్టంలోని పనిగంటల నిబంధనల నుంచి ఐటీ కంపెనీలకు మన ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. అంటే పని ఎన్ని గంటలో చెప్పే చట్టం పట్టు సడలింది, ప్రతి నిమిషాన్నీ చూసే కన్ను పదునెక్కింది. సంఘాలు పెట్టుకోవడం గురించి వేరే వక్తలు మాట్లాడతారు కాబట్టి నేను అటు వెళ్ళను.

మన సంస్థ తరఫున కంపెనీలకు ఇచ్చే వినతిపత్రంలో మూడు విషయాలు చేర్చమని అడుగుతున్నాను. ఉద్యోగి సొంత పనితీరు మెరుగుపరచుకోవడానికి రాసుకునే లెక్కలు రేటింగులకు వాడమని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. యంత్రం సేకరించే లెక్క ఏదైనా సరే, ముందుగా ఆ ఉద్యోగికి కనబడాలి, తప్పయితే దిద్దించుకునే దారి ఉండాలి. శిక్షణ పనిగంటల్లోనే జరగాలి. నాలుగోది కూడా ఉంది గానీ, దానిమీద మనలోనే ఏకాభిప్రాయం లేదు. ఇంటి అంతరాయాలను ఆఫీసు కాగితంలో రాయాలా వద్దా అన్నది. రాస్తే అది మనమీదికే తిరుగుతుందని కొందరి భయం, రాయకపోతే ఆ చాకిరీ ఎప్పటికీ కనబడదని మరికొందరి వాదన. నా మట్టుకు నేను, సొంత పుస్తకంలో రాయాలి, ఆఫీసు కాగితంలో వద్దంటాను. దీనిమీద మీరు మాట్లాడితే వినాలని ఉంది.

ఏడు గళ్ళ కాగితం తెలుగులో చేయించి నకళ్ళు తీయించాను. గుమ్మం పక్క బల్లమీద ఉన్నాయి. పేరు రాయడానికి దానిలో చోటు పెట్టలేదు. ఇక ప్రశ్నలు అడగండి.